నొప్పి మాత్రలు తెలుసుకుందాం – 3వ పాఠం: స్ట్రిప్పు వెనక లెక్క

పోయిన పాఠంలో ప్రోస్టాగ్లాండిన్ల గురించి చెప్పుకున్నాం. దెబ్బ తగిలిన చోట నొప్పిని, వాపును పెంచే రసాయనాలు అవే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వాటి తయారీని ఒళ్లంతా తగ్గిస్తాయి. పారాసిటమాల్ పని ఎక్కువగా మెదడులో జరుగుతుంది. అందుకే అది జ్వరాన్ని దించుతుంది గానీ, బెణికిన మడమ వాపును పెద్దగా తగ్గించదు.

ఈ వారం పని: ఇంట్లో ఉన్న మందుల డబ్బా బోర్లించండి. స్ట్రిప్పు మీద పెద్దక్షరాల పేరు వదిలేసి, ఒక్కో మాత్రలో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములుందో చెప్పే చిన్నక్షరాలు చదివి కాగితం మీద రాసుకోండి.

డోలో 650లో పారాసిటమాల్ 650. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400తో పాటు పారాసిటమాల్ 325. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ 325 గానీ 500 గానీ ఉంటుంది. అసలు చిక్కు ఇక్కడే. జ్వరానికని రోజుకు నాలుగు డోలోలు, జలుబుకని 500 ఉన్న మాత్రలు మూడు వేసుకుంటే 2600కు 1500 కలిసి 4100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే 24 గంటల్లో 4000 దాటకూడదు. బరువు 50 కిలోల లోపున్నా, లివర్ జబ్బున్నా, రోజూ మద్యం తాగే అలవాటున్నా హద్దు ఇంకా తక్కువ. అది డాక్టరే చెప్పాలి.

పారాసిటమాల్‌లో కొంత భాగం లివర్‌లో విషంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ నిల్వ అయిపోతే లివర్ కణాలు చనిపోతాయి. మొదటి రోజు వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు. బాగానే ఉన్నాం కదా అని ఇంట్లో కూర్చోవద్దు. విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్, మోతాదు మించిన 8 గంటల లోపు మొదలుపెడితే చాలా బాగా పనిచేస్తుంది. స్ట్రిప్పులు చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పిల్లల పారాసిటమాల్ మందులో ఇంకా జాగ్రత్త కావాలి. ఒక మోతాదుకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు ఎక్కువలో ఎక్కువ 150. సీసా మీద 5 ఎం.ఎల్.కు 125 అని ఉంటే 6 ఎం.ఎల్., 250 అని ఉంటే 3 ఎం.ఎల్. చుక్కల మందు ఒక్క ఎం.ఎల్.లోనే 100 ఉంటే 1.5 ఎం.ఎల్. చాలు. సిరప్ లెక్కన చుక్కల మందు 6 ఎం.ఎల్. పోస్తే 600, అంటే నాలుగింతలు! ‘ఒక మూత పొయ్యి’ అనే మాట ఇక మానేసి, గీతలున్న సిరంజితోనే కొలవండి. మోతాదుకీ మోతాదుకీ కనీసం 4 గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరమొస్తే ఈ లెక్క వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే.

డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, యాస్పిరిన్ ముట్టుకోవద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ పై హద్దులోనే.

అభ్యాసం: 12 కిలోల పాపకు, 5 ఎం.ఎల్.కు 250 ఉన్న సిరప్, కిలోకు 15 చొప్పున ఎంత? 3.6 ఎం.ఎల్. వస్తే లెక్క సరే. 36 వస్తే చుక్క ఎక్కడ జారిందో చూసి మళ్లీ చేయండి. వచ్చే పాఠం: బీపీ మాత్రలు వాడేవాళ్లకు డైక్లోఫెనాక్‌తో కిడ్నీలకు వచ్చే ముప్పు.