ఆవాల రంపపు ఈగ: ముందుగా కాళ్లు లెక్కపెట్టండి

ఆవ, ముల్లంగి మొలకల ఆకులకు చిల్లులు కనబడగానే లద్దెపురుగేననుకుని బీటీ (బాక్టీరియాతో చేసిన పురుగుమందు) కొట్టేస్తుంటారు. అది రంపపు ఈగ పిల్లయితే చావదు. కూరగాయల మీద మామూలుగా వాడే బీటీ కుర్‌స్టాకి రకం సీతాకోకచిలుకల, మాత్‌ల (రాత్రి తిరిగే రెక్కల పురుగుల) పిల్లలైన గొంగళ్ల మీదే పనిచేస్తుంది. రంపపు ఈగ కందిరీగల వర్గానిది.

వెతకడానికి పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కితే ఇవి మట్టిపెళ్లల కిందికి దిగిపోతాయి. మధ్యాహ్నం వెళ్లినవాళ్లకు చిల్లులే తప్ప పురుగు దొరకదు. మొక్క కింద తెల్ల కాగితం పెట్టి ఆకును తట్టండి. రంపపు ఈగ పిల్ల ముడుచుకుని రాలిపడి, చచ్చినట్టు నటిస్తుంది. డైమండ్ బ్యాక్ అనే మాత్ గొంగళైతే గిలగిలా కొట్టుకుంటూ సన్నటి దారంతో వేలాడుతుంది.

ఇప్పుడు 10 రెట్ల భూతద్దంతో పక్కనుంచి చూడండి. ఛాతీ కింద 3 జతల కాళ్లు గొంగళికీ దీనికీ ఒకటే. పొట్ట కింద మెత్తటి కాళ్లే అసలు గుర్తు: దీనికి 8 జతలు, గొంగళికి 5కు మించవు. తలకు ఒక్కో పక్క ఒక్కటే కంటిచుక్క ఉంటుంది, గొంగళికైతే చుక్కల గుంపు. ఎదిగిన పిల్ల 15–18 మి.మీ. పొడవు, నలుపు కలిసిన ఆకుపచ్చ, ముడతల చర్మం, వీపున 5 చారలు. రంగు ఒక్కటే చూసి తేల్చేయకండి. పైనుంచి తీసిన ఫొటోలో కాళ్లు పడవు, అది ఎవరికి పంపినా లాభం లేదు.

జాతి తేలాలంటే రెక్కలొచ్చిన ఈగ కావాలి. సీసాలో 5 సెం.మీ. తేమమట్టి పోసి, నాలుగైదు పిల్లల్ని వదిలి, రోజూ తాజా ఆకు వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. మట్టి బురదైతే బూజు పడుతుంది. మట్టిలో గూడు కట్టుకున్నాక ఈగ రావడానికి 11 నుంచి 31 రోజులు పడుతుంది. నారింజ పసుపు ఒళ్లు, నల్ల మచ్చలు, పొగరంగు రెక్కలు, వాటిమీద నల్ల ఈనెలు. కందిరీగకున్న సన్న నడుము ఉండదు, కుట్టదు. మన దేశంలో ఆవ మీద ఇలాంటిది దొరికితే మామూలుగా అథేలియా లుజెన్స్ ప్రాక్సిమా. ఐరోపాలో ఇలాగే ఉండే అథేలియా రోజే ఉంది, కాబట్టి నమూనాతోపాటు ఊరు, తేదీ, మొక్క పేరు రాసి పెట్టండి.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఆవ, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, టర్నిప్ చూడండి. 3–4 వారాల మొక్కలకే ముప్పెక్కువ. తల్లి ఈగ ఆకు అంచును రంపంలాంటి అవయవంతో చీల్చి గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. ఆకును వెలుగుకు పట్టి అంచులు వెతకండి.

పురుగును పోల్చుకున్నాక, మడి చిన్నదైతే పొద్దున, సాయంత్రం ఏరి సబ్బునీళ్లలో వేస్తే సరిపోతుంది. మొలక దశలో నిండుగా నీళ్లు పెట్టినా చాలా పిల్లలు మునిగి చస్తాయి.