ఎంగ్లండ్ గ్యాంబిట్ గొడవ ఇలా వదిలించుకున్నా

ఆన్‌లైన్‌లో చెస్ బ్లిట్జ్ (చాలా తక్కువ టైం ఉండే ఆట) ఆడేటప్పుడు నేను తెల్లపావులతో బంటుని డీ4 గడిలో వేయగానే అవతలివాడు తన బంటుని ఈ5 లో పెడితే (ఇదే ఎంగ్లండ్ గ్యాంబిట్, అంటే లాభం కోసం కావాలని బంటు వదులుకోవడం) చిరాకేసేది, ఎందుకంటే ఊరికే బంటు ఇస్తున్నాడు కదా అని తీసుకుని, ఎనిమిదో ఎత్తుకే మేట్ అయిపోయి కూర్చున్నాను, అదీ ఒకే వారంలో రెండుసార్లు.

జరిగేది ఇది. వాడి గుర్రం సీ6, నా గుర్రం ఎఫ్3, వాడి క్వీన్ ఈ7, నా బిషప్ ఎఫ్4. అప్పుడు క్వీన్ బీ4 కి వచ్చి చెక్. బిషప్‌ని డీ2 కి లాగితే ఆ క్వీన్ నా బీ2 బంటుని తినేస్తుంది. ఏనుగు పోతుందన్న కంగారులో నేను బిషప్‌ని సీ3 లో పెట్టేవాణ్ణి. తప్పంతా అక్కడే. వాడు బిషప్ బీ4 వేస్తాడు, నా క్వీన్ డీ2, సీ3 లో బిషప్‌లు మారతాయి, నేను క్వీన్‌తో తీసుకోగానే వాడి క్వీన్ సీ1 కి వచ్చి మేట్!

ఇప్పుడు ఆరో ఎత్తుకి గుర్రాన్ని సీ3 కి తెస్తున్నా, అంతే. వాడు బిషప్ బీ4 వేస్తే ఏనుగు బీ1, క్వీన్ ఏ3 కి పారిపోతే ఏనుగు బీ3, ఇంకా తరుముతూనే ఉంటా. వాడి క్వీన్ తిరిగి తిరిగి అలసిపోతుంది, నా పావులన్నీ బయటికొచ్చేస్తాయి. నిజం చెప్పొద్దూ, టైం తక్కువున్న ఆటల్లో నల్లపావులతో ఈ గ్యాంబిట్‌నే నేనూ వేస్తున్నా.