పాత సినిమా మీద పాడ్‌కాస్ట్ ఎలా చేయాలి? ఓరుగల్లు నుంచి మొదలుపెట్టేవాళ్లకు

రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వస్తోందంటే మా ఇంట్లో చేతిలో పని ఆగిపోయేది. సినిమాను కుదించి మాటలూ పాటలే వినిపించేవారు. బొమ్మ లేకపోయినా కథంతా కళ్లముందు కదిలేది. పాత సినిమాల మీద పాడ్‌కాస్ట్ చేద్దామనుకునేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: వినేవాళ్లకు తెర లేదు, మన గొంతే ఉంది. హనుమకొండలో ఒక చిన్న గదిలో, ఫోనుతోనే ఈ పని చేస్తున్నాను. చేస్తూ నేర్చుకున్నది చెబుతాను.

మొదట సినిమా ఎంచుకోండి

గొప్ప సినిమా కావడం ఒక్కటే చాలదు. దానికీ మీ ఊరికీ ఏదో బంధం ఉండాలి. ‘మాయాబజార్’ మీద మాట్లాడేవాళ్లు రాష్ట్రమంతా ఉన్నారు. కానీ బి.నర్సింగరావు తీసిన ‘దాసి’ గురించి, దొరల కోటల్లాంటి గడీలను కళ్లారా చూసిన ఊళ్లవాళ్లు మాట్లాడితే ఆ బరువే వేరు. 1988 నాటి ఆ సినిమాకు అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. అందులో మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. అలాంటి సినిమాను చెవికి ఎలా వినిపించాలన్నదే ఒక ఎపిసోడ్‌కు సరిపడా పని. కాలేజీ గొడవలతో మొదలయ్యే ‘శివ’ తీసుకుంటే, అది వచ్చిన 1989లో ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ)లోనో, సుబేదారి ఆర్ట్స్ కాలేజీలోనో చదువుకున్నవాళ్లను వెతకండి. ఒక ఎపిసోడ్‌కు ఒక్క సినిమా చాలు. పది సినిమాల జాబితా చదివితే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

తర్వాత రెండుసార్లు చూడండి

మొదటిసారి ఆపకుండా, మామూలు ప్రేక్షకుల్లా చూడండి. రెండోసారి నోటుపుస్తకం పెట్టుకుని, ఏ నిమిషంలో ఏ సన్నివేశమో రాసుకోండి. ఈ రెండోసారి చూడటాన్ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో పని మొత్తానికి ఇదే ఆయువుపట్టు. ఒక సినిమా చివర్లో జోరున వాన కురుస్తుందని నేను పదిహేనేళ్లు నమ్మాను. మళ్లీ చూస్తే చుక్క వాన లేదు. చిన్నప్పుడు చూసిన రోజు టాకీసు రేకుల మీద కురిసిన వాన అది. సినిమాతో కలిసిపోయి నాలో ఉండిపోయింది. ఆ సంగతి ఎపిసోడ్‌లో చెప్పేశాను. వినేవాళ్లు ఎవరి వానలు వాళ్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

జ్ఞాపకం తప్పయినా విలువైనదే, కానీ దాన్ని జ్ఞాపకంగానే చెప్పాలి. సమాచారం మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. ‘మా భూమి’లో ‘బండెనక బండి కట్టి’ గద్దర్ రాసిన పాటే అని ఇప్పటికీ చాలామంది అంటారు. తెర మీద కనిపించిందీ పాడిందీ ఆయనే, రాసింది మాత్రం తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. అదే సినిమాలోని ‘పల్లెటూరి పిల్లగాడా’ సుద్దాల హనుమంతుది. 1980లో విడుదలైన ఆ సినిమాకు కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం, దర్శకుడేమో బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్. ఇలాంటివి చెప్పేముందు సినిమా టైటిళ్లు ఆపి చదవండి, ఆ పైన ఒకటికి రెండుచోట్ల సరిచూసుకోండి. రాసినవాడి పేరు పోగొడితే అది చిన్న తప్పు కాదు.

మనుషుల్ని మాట్లాడించండి

‘ఆ రోజుల్లో ఎట్లుండేది?’ అని అడిగితే ‘మంచిగుండేది’ అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. టికెట్టు ఎంత, నేలలో కూర్చున్నారా బెంచీలోనా, ఎవరెవరు వెళ్లారు, రెండో ఆట వదిలాక ఇంటికెట్లా చేరారు అని అడగండి. మా వెనక సందులో ఉండే ఒక పెద్దాయన ఒకప్పుడు టాకీసులో ఆపరేటరు. ‘కాకా, ఆ సిన్మాల నీకు బాగ నచ్చిన సీనేంది?’ అన్నాను. ‘నేను కథ యాడ జూసిన బిడ్డా? కుడిదిక్కు పైమూలకు చుక్క పడ్తదా, పడ్తలేదా, గదే జూస్కుంట కూసునేటోన్ని’ అన్నాడు.

వెయ్యి అడుగుల రీలు దాదాపు 11 నిమిషాలు ఆడుతుంది. ఒక ప్రొజెక్టరులో రీలు అయిపోవస్తుంటే తెర మూలన చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో ప్రొజెక్టరుకు మారాలి. మధ్యలో కార్బన్ కడ్డీలు కాలిపోతూ దూరమవుతుంటే వాటిని దగ్గరకు జరుపుతుండాలి. వందలమంది కథలో మునిగి ఉన్నప్పుడు ఒక మనిషి చుక్క కోసం కాచుకుని ఉన్నాడన్న మాట నాకు ఏ సమీక్షలోనూ దొరకలేదు.

రికార్డింగు

మైకు కొనడానికి తొందరపడొద్దు. ఫోను చాలు, గది ముఖ్యం. బట్టల బీరువా తలుపు తెరిచి దానికెదురుగా కూర్చోండి, వెనక కుర్చీ మీద బొంత వేయండి. గోడల నుంచి వచ్చే మారుమోత తగ్గుతుంది. ఫ్యాను ఆపి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకు ఉంచండి. మొదలుపెట్టేముందు పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి, తర్వాత గది హోరు తీసేయడానికి ఆ ముక్క పనికొస్తుంది. కాజీపేట దగ్గర ఉంటే రైళ్ల రాకపోకలు తప్పవు. కూత వినిపిస్తే ఆగి, ఆ వాక్యం మొదటినుంచి చెప్పండి.

రికార్డు చేసింది కత్తిరించడానికి అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పెద్దవాళ్లు మాట మధ్యలో ఆగి ఆలోచించే క్షణాలను మాత్రం కోయకండి.

పాటలు, డైలాగులు

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. రాసినవాళ్ల హక్కు వేరు, అది వాళ్లు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ‘మాయాబజార్’ 1957 నాటిదే అయినా, పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి ఆయన మాటలు, పాటల హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. విమర్శ కోసం కొద్దిగా వాడుకోవడానికి 52వ సెక్షన్ అవకాశమిస్తుంది. కానీ పాట మొత్తం పెట్టడం దాని కిందికి రాదు. నేనైతే డైలాగు వినిపించను, ఎలా పలికారో చెబుతాను.

విడుదల

స్పాటిఫై ఖాతాలో ఉచితంగా ఎక్కించవచ్చు, యూట్యూబ్‌లోనూ పెట్టండి, మన పెద్దలు వినేది అక్కడే. కవర్ బొమ్మ చతురస్రంగా ఉండాలి, ఒక్కో వైపు 3000 పిక్సెళ్లుంటే మంచిది. పేరులో సినిమా పేరు, సంవత్సరం తెలుగులోనే రాయండి.

ఎక్కించేముందు ఇంకో పని ఉంది. మాట్లాడినవాళ్లకు వినిపించండి. నేను ఇయర్‌ఫోన్ ఒకటి ఆపరేటరు కాకా చెవిలో పెట్టి, ఇంకోటి నా చెవిలో పెట్టుకుని కూర్చున్నాను. రీళ్లు మార్చే దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపమన్నాడు. ‘చుక్క ఒక్కటి గాదు బిడ్డా, రెండు. మొదటిదానికి మోటరు ఏస్తం, రెండోదానికి బొమ్మ మారుస్తం’ అన్నాడు. ఇంటికొచ్చి, ఫ్యాను ఆపి, బొంత వేసుకుని ఆ వాక్యం మళ్లీ చదివాను.