బల్లమీది యుద్ధరంగానికి రంగుల ఎంపిక

బల్లమీద ఆడే యుద్ధక్రీడకు బొమ్మలనూ నేలనూ సిద్ధం చేసుకునేవారు ఏ రంగు కొనాలో తేల్చుకునే ముందు, అది ఏ పదార్థం మీద పడుతుందో చూసుకోవాలి. గట్లు, మెరకలు చెక్కడానికి మనం వాడే థర్మోకోల్, స్ప్రే డబ్బాలోని ద్రావకం తగలగానే కరిగి గుంటలు పడుతుంది కనుక, దానికి నీటితో కలిపే రంగులే వాడాలి. ముందుగా నీరు కలిపిన ఫెవికాల్‌ను రెండు పూతలు వేసి ఆరనిస్తే గుళ్ల మధ్య సందులు మూసుకుంటాయి.

నేలకు గోడల ఎమల్షన్ చాలు. 28 మిల్లీమీటర్ల సైనికుడికి మాత్రం అది పనికిరాదు. ఆ మందపు పొర కింద ముఖం, గుండీలు పూడిపోతాయి. బొమ్మను సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, ప్రైమర్ (రంగు పట్టేందుకు వేసే తొలిపూత) వేసి, ఆపైన మ్యాట్ (మెరుపు లేని) అక్రిలిక్‌ను పలచగా రెండు మూడు పూతలు వేయాలి. ఎనామిల్ గట్టిగా నిలుస్తుంది గాని ఆలస్యంగా ఆరుతుంది, కుంచె కడగడానికి టర్పెంటైన్ కావాలి. కొత్తవారికి నేను దానిని సూచించను.

గోదావరి డెల్టా అంచున, గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో 1758 డిసెంబరున ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు తలపడినప్పుడు, ఎర్రకోట్లు తొడిగిన ఇంగ్లీషువారి భారతీయ సిపాయిలను ఫ్రెంచివారు ఐరోపా దళమని పొరబడ్డారు. కాబట్టి ఆ పోరును బల్లకెక్కించేవారు ఇంగ్లీషువారి ఐరోపా దళం కోట్లకూ సిపాయిల కోట్లకూ ఒకే ఎరుపు వాడాలి. నల్లని ప్రైమర్ మీద ఎరుపు సరిగా పట్టదు. ముందు ఇటుకరంగు వేస్తే నిండుగా వస్తుంది.

ఇక నేల రంగు. కోనసీమ ఒండ్రుమట్టి తడిసినప్పుడు దాదాపు నల్లగా ఉంటుంది, ఎండి నెర్రెలిచ్చాక బూడిదరంగుకు తిరుగుతుంది. ముదురు గోధుమరంగులో నలుపు కలిపి అంతటా వేసి, ఆరిన తరువాత లేత బూడిదరంగులో ముంచిన కుంచెను గుడ్డకు బాగా తుడిచి, మెరకల అంచులకు మాత్రమే తగిలేలా తేలికగా రాయాలి. కాలువ ఒడ్డు దగ్గర ఆపేస్తే అక్కడి మట్టి తడిగానే కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది గనుక, మిగిలిన ముక్క మీద వేసి, ఆట ఆడే గది వెలుతురులోనే చూసి నిర్ణయించుకోవాలి. వరిచేలకు సీసాలోని ఆకుపచ్చను నేరుగా వాడవద్దు. కాస్త పసుపుమట్టి రంగు కలపాలి.

ముసురు పట్టిన రోజున స్ప్రే వార్నిష్ కొడితే గాలిలోని తేమకు పైపొర తెల్లగా పాలిపోతుంది, అందువల్ల మన వానాకాలానికి కుంచెతో వేసే మ్యాట్ వార్నిష్ నయం. మెరిసే వార్నిష్‌ను కాలువ నీటికి మాత్రమే ఉంచుకుని, ఒక పూత పూర్తిగా ఆరాకే మరొకటి వేయాలి.