ముహూర్తానికి ఆపరేషన్ పెట్టుకునే ముందు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. సిజేరియన్లు 10 శాతం దాటాక ఇంకా పెరిగినా తల్లుల, పసికందుల మరణాలు తగ్గడం కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పేసినా, బొడ్డుతాడు ముందుగా జారినా ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది. అలాంటప్పుడు వర్జ్యం పోయేదాకా ఆగమని అడగొద్దు. బొడ్డుతాడు నొక్కుకుపోతే బిడ్డ చేతిలో ఉండేది నిమిషాలే.

మా భయమంతా తొందరపడి తీయించే కాన్పుల గురించి. కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవం ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక విడుదలయ్యే హార్మోన్లు దాన్ని ఇంకిపోయేలా చేస్తాయి. నొప్పులు రాకుండానే కోస్తే ఆ ద్రవం మిగిలి బిడ్డ ఆయాసపడే ముప్పు ఎక్కువ. వారాలు తక్కువైతే ఊపిరితిత్తులే పూర్తిగా పండి ఉండవు. అమెరికాలో ముందే తేదీ పెట్టుకుని మళ్లీ సిజేరియన్ చేయించుకున్న 13 వేల మందికి పైగా తల్లులను పరిశీలించి 2009లో వివరాలు ప్రచురించారు. శ్వాస ఇబ్బంది, షుగర్ పడిపోవడం, ఐసీయూ లాంటి చిక్కులు 37వ వారంలో 15.3 శాతం పిల్లలకు, 38లో 11 శాతానికి, 39లో 8 శాతానికి వచ్చాయి. అందుకే తల్లికి, బిడ్డకు వేరే ప్రమాదం లేనప్పుడు 39 వారాలు నిండాకే తేదీ. మంచి రోజు కావాలంటే ఆ తర్వాతే వెతుక్కోండి.

ఆ 39 లెక్క సరిగ్గా ఉండాలంటే మూడో నెలలో తీసిన స్కాన్ కావాలి. అందులో తేడా వారం లోపే. ఎనిమిదో నెలలో మొదటిసారి తీస్తే మూడు వారాల దాకా తప్పొచ్చు. పాత రిపోర్టు దాచుకుని తేదీ ఖాయం చేసేటప్పుడు డాక్టరుకు చూపించండి. ఏ కారణంతో ఆపరేషన్, పసిపిల్లల డాక్టరు దగ్గరుంటారా అని కూడా అడగండి. తొలి కాన్పు సిజేరియనైతే తర్వాతి గర్భాల్లో మాయ పాత కోతకు అతుక్కునే ముప్పు పెరుగుతుంది, ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకూ తెలియాలి.

చివరి నెలల్లో బిడ్డ కదలికలు తగ్గినా, రక్తం పోయినా, ఉమ్మనీరు ఆకుపచ్చగా వచ్చినా, కళ్లు మసకబారినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

పుట్టాక ఏ కాన్పైనా గంటలోపు తల్లిపాలే పట్టాలి. వెన్నుకు మత్తిచ్చిన తల్లి కూడా పక్కన మనిషి సాయముంటే పట్టగలదు. తేనె, పంచదార నీళ్లు, ఆముదం, గాడిద పాలు వద్దు. మొదటి రోజు స్నానం చేయించకండి, ఒళ్లు చల్లబడుతుంది. నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీసినా, పక్కటెముకల కింద గుంటలు పడినా, మూలిగినా, పాలు తాగడం మానేసినా, తొలి 24 గంటల్లోనే ఒళ్లు పచ్చబడినా వెంటనే నవజాత శిశువుల ప్రత్యేక వార్డున్న ఆస్పత్రికి చేర్చాలి. దారి పొడవునా బిడ్డను తల్లి రొమ్ముకు, లేదంటే తండ్రి ఛాతీకి ఆనించి, తలకు టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పండి.