ఏటి నీరు దిగకముందే పంపుకు తీసుకోవలసిన జాగ్రత్తలు

వంశధార, నాగావళి ఒడ్డున మోటార్లు పెట్టి కూరగాయలకూ రబీ వరికీ నీళ్లు తోడుకునే గుణుపురం, కాశీనగర్, రాయగడ ప్రాంతాల రైతులు ఫాల్గుణం దాటకముందే పంపును ఒకసారి విప్పి చూసుకోవాలి. ఏరు దిగుతున్నకొద్దీ నీటికీ పంపుకూ మధ్య ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తు హద్దు దాటితే పంపు లోపలికి వచ్చే చోట ఒత్తిడి పడిపోయి, నీరు కాగకుండానే ఆవిరి బుడగలు పుడతాయి. ఇంపెల్లర్‌లో (పంపులో తిరిగే రెక్కల చక్రంలో) ఒత్తిడి పెరిగే చోటికి చేరగానే అవి చితికిపోతాయి, లోహాన్ని ఆనుకుని చితికితే సెకనుకు 100 మీటర్లు మించిన వేగంతో సన్నని నీటి ధార లోహాన్ని పొడవగలదు. దీన్ని కేవిటేషన్ అంటారు. బుడగ ఇలా కూలడాన్ని 1917లోనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కగట్టారు.

పంపులో గులకరాళ్లు పడి దొర్లుతున్నట్టు చప్పుడు వస్తే దీన్నే అనుమానించాలి. నీరు బయటికి పోయే వైపున్న డెలివరీ వాల్వును కొద్దిగా మూసినప్పుడు చప్పుడు తగ్గితే అనుమానం బలపడుతుంది. అరిగిన ఇంపెల్లర్‌ను చూసి చాలామంది మెకానిక్‌లు నేరం ఇసుక మీదికి నెడతారు గాని, ఇసుక లోహాన్ని నున్నగా, చారలుగా కోస్తుంది; బుడగల దెబ్బ మాత్రం రెక్కల మొదట్లో గరుకుగా, గుంటలు గుంటలుగా కనబడుతుంది. ఆ తేడా చూడకుండా కొత్త ఇంపెల్లర్ వేయించడం డబ్బు దండగ, ఎందుకంటే అదీ అలాగే పోతుంది.

ఎత్తు లెక్కలో కొండ ప్రాంతం వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. సముద్రమట్టం వద్ద గాలి ఒత్తిడి 10.3 మీటర్ల నీటిస్తంభానికి సమానం. సుమారు 900 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో అది 9.3 మీటర్ల దగ్గర ఉంటుంది. అందులోంచి నీటి ఆవిరి ఒత్తిడి (30 డిగ్రీల వద్ద 0.43 మీటర్లు, 40 డిగ్రీల వద్ద 0.75), పైపు ఘర్షణ, పంపు కాగితంలో ఎన్‌పీఎస్‌హెచ్ అని రాసిన అంకె (పంపు మూతి దగ్గర నీటికి ఉండవలసిన కనీస ఒత్తిడి, మీటర్లలో), పైన అర మీటరు భద్రత తీసివేస్తే మిగిలేదే పంపును నీటికి పైన ఉంచదగిన ఎత్తు. ఎన్‌పీఎస్‌హెచ్ 3 మీటర్లు, ఘర్షణ 1 మీటరు, నీరు 30 డిగ్రీలు అనుకుంటే కోరాపుట్‌లో దక్కేది 4.4 మీటర్లే, పర్లాకిమిడి పల్లంలో చక్కగా నడిచిన పంపు అక్కడ మొరాయించడంలో వింత లేదు.

ఏటి నీటిని పైకి పీల్చే సక్షన్ పైపు డెలివరీ పైపుకన్నా లావుగా, వీలైనంత పొట్టిగా ఉండాలి, వంపు పంపు మూతికి ఆనించి పెట్టకూడదు. సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు జాలీలో నాచు, ఆకులు తీయాలి. నీరు తగ్గించుకోవాలంటే డెలివరీ వాల్వునే తిప్పాలి, సక్షన్ వైపు వాల్వును ఎన్నడూ బిగించరాదు. అతుకుల దగ్గర గాలి లాగుతోందేమో తెలియడానికి పంపు నడుస్తుండగా సబ్బు నురగ పూయండి. లోపలికి పీల్చుకుంటే అక్కడ సందు ఉన్నట్టే. ఇవన్నీ చేసినా చప్పుడు ఆగకపోతే పంపునే కిందికి దించాలి, లేదా నీటిలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్‌కు మారాలి. దించేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి దగ్గర పెట్టుకోవాలి. కిందికి దించిన పంపును తొలకరికి ముందే గట్టు మీదికి ఎక్కించాలి, ఎందుకంటే ఇక్కడ వాన చినుకు లేకున్నా ఎగువ కొండల్లో కురిసిన వానకు ఏరు పొంగుతుంది.