మోకీలు మార్పిడి తర్వాత తొడకు బలం తెచ్చుకోవడం

మోకీలు మార్చిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే: "కాలు ఎంత వంగుతోంది?" ఫిజియోథెరపిస్టుగా నేను ముందు తొడ పట్టుకుని చూస్తాను. ఆపరేషన్ అయిన మొదటి నెలలో తొడ ముందు కండరం దాదాపు సగం బలం కోల్పోతుంది. కండరం కరగడం ఒక్కటే దీనికి కారణం కాదు. కీలులో వాపు, నొప్పి ఉంటే నరాలు ఆ కండరాన్ని సరిగ్గా పని చేయనివ్వవు. అందుకే ఎంత బిగించాలనుకున్నా అది పలకదు. ఐస్ ప్యాక్‌ని గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు పెట్టడం, కాలు ఎత్తులో ఉంచడం కూడా బలం తెచ్చే పనులే.

మంచం మీద కాళ్లు చాపి, మడమ కింద చుట్టిన టవల్ పెట్టుకోండి. మోకాలి వెనక భాగాన్ని పరుపు వైపు నొక్కుతూ తొడ బిగించండి. అరచెయ్యి మోకాలిచిప్పకు కాస్త పైన ఆనించండి. అక్కడ కండ గట్టిపడి, చిప్ప కొంచెం పైకి జరగాలి. పిరుదు మాత్రమే బిగుసుకుంటుంటే వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. 5 సెకన్లు బిగించి వదలడం, అలా 10 సార్లు, రోజుకు మూడు పూటలా. ఊపిరి బిగబట్టొద్దు. పలకకపోతే రెండు తొడలూ ఒకేసారి బిగించి చూడండి.

హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవద్దు. కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది.

తర్వాత మోకాలు వంచకుండా కాలు పైకి ఎత్తడం. ఎత్తగానే మోకాలు కిందికి వంగిపోతోందంటే ఇంకా సమయం కాలేదు, మొదటి వ్యాయామమే కొనసాగించండి.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది కుర్చీలోంచి లేవడం. చాలామంది తమకు తెలియకుండానే ఆపరేషన్ కాలు ముందుకు చాపి, బరువంతా రెండో కాలి మీద వేసి లేస్తారు. నడక బాగానే కనిపిస్తుంది, తొడ మాత్రం నెలల తరబడి బలహీనంగానే ఉంటుంది. ఎత్తైన కుర్చీలో కూర్చుని పాదాలు రెండూ సమానంగా పెట్టండి. వీలైతే ఒక్కో పాదం కింద ఒక్కో బరువు చూసే మిషన్ పెట్టి, లేచేటప్పుడు రెండు అంకెలూ దగ్గరగా ఉన్నాయేమో పక్కవాళ్లను చూడమనండి.

మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

మర్నాడు వాపు పెరిగితే వ్యాయామం తగ్గించండి, మానేయకండి. పిక్కలో నొప్పి, వాపు, జ్వరం, గాయం నుంచి చీము కనిపిస్తే వెంటనే డాక్టర్‌ని కలవండి. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.